నలుపుకు పని చెప్పిన గోయా

1799 ఫిబ్రవరి 6న 'డియారియో దె మాడ్రిడ్' పత్రికలో ఒక ప్రకటన వచ్చింది. 80 ఎచింగుల సంపుటం, వెల 320 రియాళ్లు, దొరికే చోటు దెసెంగాన్యో వీధిలో ఒకటో నంబరు దుకాణం. అత్తర్లూ మద్యాలూ అమ్ముకునే కొట్టు అది. మనుషుల్లో మామూలుగా ఉండే మూఢత్వాన్నీ దుర్గుణాల్నీ ఎత్తిచూపడమే తప్ప ఫలానా వ్యక్తిని వెక్కిరించే ఉద్దేశం చిత్రకారుడికి లేదని ప్రకటనలోనే ముందుజాగ్రత్తగా చెప్పుకున్నారు. ఆ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా. అప్పటికి వయసు 52. రాజు నాలుగో కార్లోస్ కొలువులో చిత్రకారుడు. అదే ఏడాది అక్టోబరులో కొలువులోకెల్లా పెద్ద చిత్రకారుడి హోదా అందుకోబోతున్నవాడు. 1792-93లో వచ్చిన జబ్బుతో వినికిడి పూర్తిగా పోగొట్టుకున్నవాడు.

సంపుటం పేరు 'లోస్ కాప్రిచోస్', అంటే చిత్రమైన ఊహలు. 27 సెట్లు అమ్ముడయ్యాయి. మిగతావి అంగట్లోంచి వెనక్కి వచ్చేశాయి. 1803లో గోయా రాగి పలకలన్నిటినీ, అమ్ముడుపోని 240 సెట్లనీ రాజుకే అప్పగించి, బదులుగా కొడుకు హవియర్‌కి పింఛను ఇప్పించుకున్నాడు. ఇన్‌క్విజిషన్ అనే మతవిచారణ పీఠం వాళ్ల మూలంగానే ఇలా జరిగిందని చాలా ఏళ్ల తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు. రాజ్యాన్నీ మతపీఠాన్నీ తూలనాడిన బొమ్మలు రాజుగారి భాండాగారంలోనే తలదాచుకోవడం గోయా జీవితంలోని వింతల్లో ఒకటి.

గోయా ఎచింగుల మాట ఎత్తగానే చీకటి, పీడకల, ఉన్మాదం అనే మాటలు వచ్చేస్తాయి. చెవుడునీ జబ్బునీ కారణంగా చూపించి, ఆ నలుపంతా ఆయన మనసులోంచి కారి కాగితం మీద పడిందన్నట్టు చెప్పేస్తారు. కానీ రాగి పలక మీద నలుపు దానంతటది రాదు. గుగ్గిలం, వార్నిష్, ఆమ్లం, గడియారం చూసుకునే ఓపిక, ఇవన్నీ కలిస్తే గాని రాదు. గోయా ప్రతి పలకలోనూ ఆ నలుపుకు ఒక పని అప్పగించాడు. ఒకచోట అది న్యాయస్థానం, ఒకచోట జైలు, ఒకచోట ఆకలి. ఆ పనితనాన్ని దగ్గరగా చూస్తే ఆయన ఆరోపణ ఎవరి మీదో, ఎంత పదునైనదో అర్థమవుతుంది.

ముందు పద్ధతి. రాగి పలకకి మైనం లాంటి పూత వేసి, దాని మీద సూదితో గీస్తారు. గీసినచోట పూత లేచిపోయి రాగి బయటపడుతుంది. పలకని ఆమ్లంలో ముంచితే గీత ఉన్న మేర లోహాన్ని ఆమ్లం తినేస్తుంది. పూత కడిగేసి, గాడిలో సిరా నింపి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి బరువైన రోలర్ల మధ్య నొక్కితే గాడిలోని సిరా కాగితానికి అంటుతుంది. ఇది ఎచింగు. దీంతో వచ్చేది గీత మాత్రమే. నీడ కావాలంటే గీతల్ని ఒత్తుగా, అడ్డదిడ్డంగా గీసుకోవాలి.

1760ల్లో ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకున్న ఆక్వాటింట్ పద్ధతి ఆ అవసరం తీర్చింది. పలక మీద గుగ్గిలం పొడి సన్నగా చల్లి వేడి చేస్తే రేణువులు కరిగి అంటుకుంటాయి. ఆమ్లం రేణువుల సందుల్లోంచి దిగి రాగిని గరుకుగా కొరుకుతుంది. ఆ గరుకు సిరాని పట్టుకుంటుంది. అచ్చు వేస్తే గీతలు లేని సమమైన బూడిద రంగు వస్తుంది. ఎంతసేపు ముంచితే అంత నలుపు. తెల్లగా ఉంచదలిచిన చోట ముందే వార్నిష్ పూసేసి ముంచాలి. తీసి, లేత బూడిదగా ఉండాల్సిన చోట మళ్లీ వార్నిష్ పూసి ఇంకోసారి ముంచాలి. అంటే చిత్రకారుడు మొదట వెలుగుని దాచుకుని, ఆఖరికి చీకటి దగ్గరికి చేరతాడు. మన లక్ష్మా గౌడ్ ఎచింగులు చూసినవాళ్లకి ఈ నునుపైన నలుపు కొత్తేమీ కాదు.

నీటిరంగు చిత్రాల సొగసుని అచ్చులో తేవడానికి మిగతావాళ్లు వాడుకున్న ఈ పద్ధతిని గోయా జైలు గోడ కట్టడానికి వాడాడు. 'కాప్రిచోస్' 32వ పలక చూడండి. 'ఆమెకి మనసుంది గనక' అని దాని కింద రాశాడు. చెరలో ఒక యువతి నేల మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి. ఆ బొమ్మలో సూదితో గీసిన గీత ఒక్కటీ లేదు. మొదటి నుంచి చివరి దాకా ఆక్వాటింటే. ముఖం, బట్ట, నేల, గోడ అన్నీ రెండు మూడు మెట్ల బూడిద, నలుపు మచ్చలు.

ఇది సాంకేతిక విన్యాసం కోసం చేసిన పని అనిపించవచ్చు. కానీ ఆ నిర్ణయం వల్ల ఏం జరిగిందో గమనించాలి. గీత ఉంటే మనిషికి హద్దు ఉంటుంది, ఇది నేను, అది గోడ అన్న తేడా ఉంటుంది. ఇక్కడ ఆ తేడా లేదు. ఆమెకీ గదికీ పదార్థం ఒకటే. వార్నిష్ పూసిన కాసింత మేర ఆమె ముఖం, దుస్తులు మిగిలాయి. అక్కడ చెయ్యి ఆగి ఉంటే ఆమె కూడా గోడలో కలిసిపోయేది. ఏడుపు గీయలేదు, సంకెళ్లు గీయలేదు. చెర మనిషిని ఎలా తనలో కలిపేసుకుంటుందో పద్ధతే చెప్పింది. పలక ఎత్తు సుమారు 21 సెంటీమీటర్లు, వెడల్పు 15. ఆ కొంచెం చోటులో ఆ ఖాళీ నలుపు మోసే బరువు చాలా ఎక్కువ.

24వ పలకలో నలుపు పని వేరు. ఇన్‌క్విజిషన్ శిక్ష వేసిన స్త్రీని నడుము పైన బట్ట లేకుండా గాడిదనెక్కించి ఊరేగిస్తున్నారు. తల మీద పొడుగాటి కాగితపు టోపీ, మెడ కదలకుండా బిగించిన పట్టె. పక్కన గుర్రాల మీద అధికారులు, వెనక ఇకిలించే జనం. ఇందులో గీతలున్నాయి, పుష్కలంగా ఉన్నాయి. జనం ముఖాల్ని గోయా చిన్న చిన్న గీతలతో గజిబిజిగా గిలికాడు. ఒక్కో ముఖం విడిగా చూస్తే మనిషి, కలిపి చూస్తే ఒక ముద్ద. అధికారులు మాత్రం నిటారుగా, ఏ ఉద్రేకమూ లేకుండా తమ డ్యూటీ తాము చేసుకుపోతున్నారు. ఎక్కువ వెలుగు ఆ స్త్రీ ఒంటి మీద ఉంది. అవమానించడానికి వాళ్లు ఆమెను అందరికీ కనబడేలా ఎత్తున కూర్చోబెట్టారు. గోయా అదే వెలుగుతో ఆమెను ఆ గుంపులో ఏకైక మనిషిగా నిలబెట్టాడు. కింద రాసిన మాట: 'వేరే దారి లేకపోయింది'. అధికారం తన పని గురించి చెప్పుకునే సంజాయిషీ అచ్చం ఇలాగే ఉంటుంది.

42వ పలకలో ఇద్దరు రైతులు వంగిపోయి చెరొక గాడిదని వీపున మోస్తున్నారు. కింద రాసింది ఒక స్పానిష్ సామెతలో సగం: 'చేతకాని నువ్వే'. 'నన్ను వీపున మొయ్యి' అన్న మిగతా సగాన్ని బొమ్మ పూర్తి చేస్తుంది. బరువు గీయడంలో గోయా నేర్పు ఇక్కడ చూడాలి. మోసేవాళ్ల మోకాళ్లు వంగిన తీరు, కళ్లు మూతపడిన తీరు నవ్వు తెప్పించవు. గాడిదలు మాత్రం హాయిగా ఉన్నాయి. పన్నులు కట్టేవాడెవడో, కూర్చుని తినేవాడెవడో 1799 మాడ్రిడ్‌లో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పనిలేదు.

తొమ్మిదేళ్ల తర్వాత అసలు చీకటి వచ్చింది. 1808 మే 2న మాడ్రిడ్ ప్రజలు నెపోలియన్ సేనల మీద తిరగబడ్డారు. యుద్ధం 1814 దాకా సాగింది. గోయా నిష్కళంక వీరుడేమీ కాదు. సింహాసనమెక్కిన జోసెఫ్ బోనపార్ట్ కొలువులో కొనసాగాడు, ఆ రాజు ఇచ్చిన పతకం పుచ్చుకున్నాడు. అదే కాలంలో, 1810 నుంచి, ఎవరికీ చూపించలేని పలకలు చెక్కుతూ వచ్చాడు. ఇవాళ మనం 'యుద్ధ విధ్వంసాలు' అని పిలిచే ఆ వరసకి ఆయన పెట్టుకున్న పేరు పొడుగాటిది: బోనపార్ట్‌తో స్పెయిన్ చేసిన నెత్తుటి యుద్ధపు ఘోర ఫలితాలు, మరికొన్ని గట్టి కాప్రిచోలు.

యుద్ధంలో మంచి రాగి దొరకలేదు. తాను అంతకుముందు చెక్కుకున్న రెండు ప్రకృతి దృశ్యాల పలకల్ని గోయా సగానికి కోసి, వాటి వెనక వైపున యుద్ధం చెక్కాడు. అలా వచ్చిన సగాల్లో ఒకటి 15వ పలక, 'వేరే దారి లేదు'. కళ్లకి గంతలు కట్టి గుంజకి కట్టేసిన మనిషి, తెల్ల బట్టలు, వాలిపోయిన తల. కాళ్ల దగ్గర అప్పటికే కాల్చి పడేసిన శవం. వెనక దూరంగా మరికొందరిని అలాగే కాలుస్తున్నారు. ఇతన్ని కాల్చేది ఎవరు? కుడి అంచులోంచి తుపాకీ గొట్టాలు కొంచెం లోపలికి పొడుచుకొచ్చాయి. అంతే. పట్టుకున్న చేతుల్లేవు, యూనిఫాం లేదు, ముఖం లేదు. హంతకులు పలక అంచుకి అవతల ఉన్నారు.

26వ పలక 'చూడలేం'లో ఇదే ఎత్తు ఇంకా ఘాటుగా వేశాడు. గుహలాంటి చోట ఆడా మగా మోకాళ్ల మీద పడి ఉన్నారు. ఒకడు చేతులు జోడించి బతిమాలుతున్నాడు. కుడి అంచులోంచి బాయినెట్లు వరసగా దూసుకొచ్చాయి. బతిమాలేవాడి ముఖం మనకి తెలుసు, వాడు ఎవరిని బతిమాలుతున్నాడో తెలీదు. దయ చూపగల మనిషి ఆ చట్రంలోనే లేడు. నిరంకుశత్వం గురించి ఎన్ని పుటలు రాసినా ఇంత సూటిగా చెప్పడం కష్టం: దానికి ఆయుధముంటుంది, ముఖముండదు.

దీన్ని అంతకుముందు ఇతరులు చేసిన పనితో పోల్చి చూస్తే గోయా వేసిన అడుగు ఎంత పెద్దదో తెలుస్తుంది. జాక్ కాలో 1633లో 18 యుద్ధ చిత్రాలు చెక్కాడు. అందులో ఒక చెట్టు నిండా శవాలు వేలాడే బొమ్మ ప్రసిద్ధం. కానీ కాలో దూరాన, ఎత్తున నిలబడి చూశాడు. మనుషులు చీమలంత ఉంటారు, మైదానం విశాలంగా ఉంటుంది. గోయా ఆ దూరాన్ని చెరిపేశాడు. ఆకాశాన్ని ఖాళీగా వదిలేశాడు, లేదా నల్లటి గీతలతో మూసేశాడు. పారిపోవడానికి మైదానం లేదు. 44వ పలక కింద 'నేను చూశాను' అని రాశాడు. ప్రతి దృశ్యాన్నీ కళ్లారా చూశాడా లేదా అన్నది చరిత్రకారుల పంచాయితీ. చూసినవాడు నిలబడే దూరంలో మనల్ని నిలబెట్టడం మాత్రం చేతిపని, అది ప్రతి పలకలోనూ ఉంది.

1811-12లో మాడ్రిడ్‌ని కరవు పట్టుకుంది. సుమారు 20,000 మంది చనిపోయారు. ఆ వరసలో 48 నుంచి 64 దాకా పలకలు ఆ ఆకలి గురించే. వాటిలో 51వది తెలుగు పాఠకుడు ఒక క్షణం ఆగి చూడాల్సింది. 'అల్మోర్తా పుణ్యమా అని' దాని పేరు. అల్మోర్తా అంటే మన కేసరి పప్పు. కరవులో గోధుమ దొరక్క జనం దాని పిండితో జావ కాచుకుని బతికారు. రోజుల తరబడి అదే తింటే కాళ్లు చచ్చుబడతాయి. ఆ కారణంతోనే మన దేశంలో 1961 నుంచి చాలా రాష్ట్రాల్లో దాని అమ్మకాన్ని నిషేధించారు. బొమ్మలో జావ కోసం మూగిన మనుషులు విడివిడిగా కనబడరు. బట్టలూ ఒళ్లూ కలిసిపోయి ఒకే మెత్తటి బూడిద ముద్దగా ఉంటారు. ఒక స్త్రీ నేల మీద పడి ఉంది. ఆ జబ్బుకి చిత్రకళలో తొలి సాక్ష్యాల్లో ఒకటిగా వైద్యులు ఈ పలకని చూపిస్తారు. 'పుణ్యమా అని' అన్న మాటలో ఎంత చేదు ఉందో అప్పుడు తెలుస్తుంది. ప్రాణం నిలిపిన గింజే కాళ్లు తీసేసింది.

కరవు పలకల్లో కొన్నిటికి గోయా గుగ్గిలం కూడా వాడలేదు. ఆమ్లాన్నే కుంచెతో నేరుగా రాగి మీద పూశాడు. మంచి సరుకు దొరక్క అలా చేసి ఉండొచ్చు. అలా వచ్చిన నీడ పలచగా, మరకలు మరకలుగా, ఆరిపోయిన బురదలా ఉంటుంది. జైలు గోడకి వాడిన దట్టమైన నలుపు ఆకలికి నప్పదు. ఆకలి అన్నిటినీ వెలవెలబోయేట్టు చేస్తుంది. లోపమున్న సరుకులోంచే ఆ వివర్ణత్వాన్ని రాబట్టాడు.

అదే కాలంలో మూడు చిన్న పలకలు విడిగా చేశాడు. మూడింటిలోనూ ఒక్కడే ఖైదీ. కాళ్లకి సంకెళ్లు, వెనక్కి విరిచిన చేతులు, ఎక్కడా నిటారుగా నిలవనివ్వని గొలుసులు. 'నేరమెంత ఘోరమో, ఈ కాపలా అంత ఘోరం' అని ఒకదానికి రాశాడు. 'నిందితుణ్ణి కాపలాలో ఉంచడానికి హింసించనక్కర్లేదు' అని ఇంకోదానికి. 'నేరస్తుడైతే తొందరగా చావనివ్వండి' అని మూడోదానికి. అర్ధశతాబ్ది ముందు ఇటలీలో పిరనేసీ చెక్కిన ఊహా కారాగారాలు యూరప్‌ని అబ్బురపరిచాయి. వాటిలో కమానులు, మెట్లు, వంతెనలు అంతు లేకుండా పోతాయి, మనుషులు నలుసుల్లా ఉంటారు. గోయా భవనాన్ని తీసేశాడు. గోడ కాస్త, నీడ కాస్త, మిగిలినదంతా వంగిన వెన్నెముక. ఖైదీ చేసిన నేరమేమిటో చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. రాజ్యం మనిషి వెన్నుని ఏ కోణంలో వంచిందో ఆ కోణమే ఇక్కడ విషయం. హక్కుల గురించి ఇవాళ మనం వాదించే మాటల్ని ఆయన రాగి మీద రెండు శతాబ్దాల కిందటే ఖచ్చితంగా చెక్కాడు.

1814లో స్పెయిన్ రాజు ఏడో ఫెర్నాండో తిరిగొచ్చాడు. 1812 రాజ్యాంగాన్ని రద్దు చేసి, ఇన్‌క్విజిషన్‌ని మళ్లీ నిలబెట్టాడు. బయటి శత్రువు పోయి ఇంటి శత్రువు వచ్చాడు. 'యుద్ధ విధ్వంసాలు' వరసలోని చివరి పలకలు ఈ కాలపువి. 71వ దానిలో చెవుల స్థానంలో గబ్బిలం రెక్కలున్న ఒకడు పెద్ద పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. పేరు 'ప్రజాహితానికి వ్యతిరేకం'. తుపాకులు లేవు, నెత్తురు లేదు, గోళ్లున్న చెయ్యి శాసనం రాస్తోంది. యుద్ధ పలకల్లో అంచుకి అవతల దాక్కున్న అధికారం ఇప్పుడు చట్రం మధ్యలోకి వచ్చి తీరిగ్గా కూర్చుంది. 79వ దానిలో సత్యం అనే యువతి చచ్చి పడి ఉంటే మతాధికారులు పూడ్చిపెడుతున్నారు, న్యాయదేవత పక్కన ఏడుస్తోంది. 80వ దాని పేరు ప్రశ్న: 'మళ్లీ లేస్తుందా?' ఆమె ఒంట్లోంచి వెలుగు గీతలు ఇంకా వస్తున్నాయి. గోయా జవాబు చెప్పలేదు.

నలుపు మీద ఆయన పట్టు ఎంతదో చెప్పడానికి ఇంకొక్క అచ్చు చాలు. 1818కి ముందు చేసిన 'కూర్చున్న భీమకాయుడు'. దీనికి పద్ధతినే తిరగేశాడు. పలకంతా నల్లగా కొరికించి, ఆ గరుకుని గీకుతూ, నున్నటి ఉక్కు పనిముట్టుతో రుద్దుతూ వెలుగుని బయటికి తీశాడు. భూమి అంచున కూర్చున్న ఆ మహాకాయుడు భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. పైన నెలవంక ఉంటుంది. వాడు భయపెడుతున్నాడా, భయపడుతున్నాడా అన్నది తేలదు. రాత్రిని గీకితే వచ్చిన ఒళ్లు కాబట్టి ఎక్కడ రాత్రి అయిపోయి ఎక్కడ వాడు మొదలయ్యాడో కూడా తేలదు. అచ్చులు అతి కొద్దిగానే మిగిలాయి.

ఉదారవాదుల మూడేళ్ల పాలన 1823లో కూలిపోయాక గోయా 1824లో ఫ్రాన్స్‌కి వెళ్లిపోయి, 1828 ఏప్రిల్ 16న బోర్డోలో కన్నుమూశాడు. యుద్ధ పలకలు అప్పటికి లోకానికి తెలీవు. తీసిన కొద్ది నమూనా ప్రతుల్లో ఒక సెట్టుకి పెన్సిలుతో పేర్లు రాసి మిత్రుడు సెయాన్ బెర్మూదెస్‌కి ఇచ్చాడు. అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మాడ్రిడ్‌లోని సాన్ ఫెర్నాండో అకాడమీ 1863లో 80 పలకల్ని అచ్చు వేసింది. ఆ అచ్చులో ఒక చిక్కుంది. అకాడమీ వాళ్లు పలక మీద సిరాని పూర్తిగా తుడవకుండా కొంత వదిలేసి, మొత్తానికి ఒక మసక పొర తెచ్చారు. విషయానికి తగ్గ గాంభీర్యం వస్తుందనుకున్నారు కాబోలు. గోయా స్వయంగా తీయించిన నమూనాల్లో తెలుపు తెల్లగా, కత్తిలా ఉంటుంది. చీకటి ఎక్కువైతే దుఃఖం ఎక్కువవుతుందన్న భ్రమ ఆయనకు లేదు.

'కాప్రిచోస్'కి ఎదురైన ప్రమాదం దీనికి విరుద్ధమైనది. 1937 దాకా ఆ పలకల మీద 12 సార్లు ముద్రణలు తీశారు. రోలర్ ఒత్తిడికి లోతైన గీతల కన్నా ముందు ఆక్వాటింట్ గరుకే అరిగిపోతుంది. ఆలస్యపు ముద్రణల్లో గీతలున్న బొమ్మలు ఏదోలా నిలబడతాయి. గీత ఒక్కటీ లేని ఆ చెరలోని యువతి చాలా పేలవంగా తేలిపోతుంది. పుస్తకాల్లోనో ఇంటర్నెట్‌లోనో ఈ బొమ్మలు చూసేవాళ్లు ఏ ముద్రణదో కనుక్కుని చూడటం మంచిది. మాడ్రిడ్ ప్రాడో మ్యూజియం తన వెబ్‌సైటులో అచ్చుల్నీ, వాటికి ముందు గోయా వేసుకున్న చిత్తు బొమ్మల్నీ పెట్టింది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే కాగితం మీది బొమ్మలో ఉన్న ఎంతమంది మనుషుల్ని, ఎంత సామగ్రిని పలక దగ్గరికి వచ్చేసరికి తీసేశాడో కనబడుతుంది.

చూసేటప్పుడు నలుపు దగ్గర మొదలుపెట్టకండి. తెలుపు ఎక్కడ మిగిలిందో వెతకండి. అక్కడ ఆయన ఆమ్లం కన్నా ముందే వార్నిష్ పూశాడు, లేదా గరుకుని రుద్ది రుద్ది నునుపు చేశాడు. గాడిద మీది స్త్రీ, గుంజకి కట్టిన మనిషి, చెరలోని యువతి ఆ చోట్లలోనే ఉన్నారు. వాళ్లలో ఒక్కరికీ పేరు లేదు. రాజకుటుంబాల ముఖాలకి వెలుగు దిద్ది జీతం తీసుకున్న చెయ్యే, అంతే శ్రద్ధతో, ఎవరూ అడగకుండా, వీళ్లకీ వెలుగు కేటాయించింది. గోయా ఎచింగుల్లో రాజకీయమంతా ఆ కేటాయింపులోనే ఉంది.